'లేదు' వేరు, 'చూడలేదు' వేరు: ఐసీయూలో జ్వరాల పరిశోధన నేర్చుకునేవాళ్లకి

ఏటా కార్తీకం వచ్చేసరికి మా ఐసీయూ జ్వరాలతో నిండిపోతుంది. సరిగ్గా అప్పుడే హౌస్ సర్జన్లకి భవిష్యత్తు గుర్తొస్తుంది. "మేడం, ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ చదవాలా, క్రిటికల్ కేర్ చదవాలా? రీసెర్చ్ చేయాలంటే బయట దేశం పోవాల్సిందేనా?" అని నైట్ డ్యూటీలో టీ గ్లాసు పట్టుకుని వచ్చి అడుగుతారు. చెప్పడం మొదలుపెడతాను. సగంలో ఏదో ఒక పడక దగ్గర మానిటర్ మోగుతుంది, లేచి పోతాను. మిగతా సగం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పింది లేదు. అందుకని ఈసారి రాసి పెడుతున్నాను.

నేను పేరుమోసిన సైంటిస్టుని కాను. ఆత్మకూరు దగ్గర పల్లె మాది, నాన్న వరి పండిస్తారు. ఎంబీబీఎస్, జనరల్ మెడిసిన్ ఎండీ, దాని మీద క్రిటికల్ కేర్ డిప్లొమా. నెల్లూరులో ఒక ఐసీయూలో పనిచేస్తూ, తీవ్రమైన జ్వరాల మీద లెక్కలు రాసుకుంటాను. పేపర్లు కొన్ని అచ్చయ్యాయి, అంతకంటే ఎక్కువ తిరిగొచ్చాయి. కాబట్టి ఇది పెద్ద సంస్థల్లో కూర్చున్నవాళ్లకి కాదు. కావలిలోనో కందుకూరులోనో ఒంగోలులోనో డ్యూటీ చేసుకుంటూ, నాకూ ఏదో ఒకటి కనిపెట్టాలని ఉంది అనుకునేవాళ్లకి.

డిగ్రీ కంటే ముందు నోటుబుక్కు

నా ఎండీ థీసిస్ స్క్రబ్ టైఫస్ మీద. రికార్డు రూములో దుమ్ము పట్టిన కేస్ షీట్ల కట్టలు విప్పి, ఒక్కో పేషెంటు వివరాలు కంప్యూటర్లో ఎక్కించాను. ఆ జబ్బుకి ఒక గుర్తు ఉంటుంది. చిగ్గర్ అనే పురుగు పిల్ల కుట్టిన చోట నొప్పి లేని నల్ల పక్కు కడుతుంది, సిగరెట్టుతో చురక పెట్టినట్టు. దాన్నే ఎస్చార్ అంటాం. ఆ పురుగు గోమారి కాదు, గోమారి కంటే చాలా చిన్నది, కంటికి ఆనదు. కేస్ షీట్లో ఎస్చార్ ఉందని రాసి ఉంటే 'ఉంది' అని ఎక్కించాను. ఏమీ రాయకపోతే 'లేదు' అని ఎక్కించాను. మూడు నెలల పని. శాతాలు కట్టి, బొమ్మలు గీసి, మా గైడ్ సార్ దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన ఒక్క వరుస మీద వేలు పెట్టారు. "ఇది లేదా అమ్మా, చూడలేదా?"

నా దగ్గర జవాబు లేదు. కేస్ షీట్ రాసినాయన నడుము కింద దుప్పటి తీసి చూశాడో లేదో ఎవరికి తెలుసు? నేను కట్టిన శాతాలు జబ్బు గురించి కాదు, డాక్టర్ల తీరిక గురించి. మొత్తం మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి మూడు గడులతో: ఉంది, లేదు, చూడలేదు. మూడో గడే అన్నిటికంటే పెద్దదైంది. పాత కాగితాలతో ఆ థీసిస్ నిలబడదని తేలింది, ముందుకి పోతూ కొత్త పేషెంట్ల మీద రాయాల్సి వచ్చింది. అప్పుడు ఏడ్చాను కూడా. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పీజీలకి మొదట ఆ మూడు గడులే గీయిస్తాను.

అంత జరిగాక కూడా నేను బుద్ధిగా మారిపోయానని అనుకోకండి. ఐసీయూలో చేరిన కొత్తలో రాపూరు వైపు నుంచి ఒకామెని తెచ్చారు. యాభై దాటలేదు. తొమ్మిది రోజుల జ్వరం. ఊళ్లో వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారట, సూదులు వేశారట. మన దగ్గర టైఫాయిడ్ అంటే అందరికీ తెలిసిన పేరు, ఒక్కసారి చేసిన వైడాల్ మీద నమ్మకం పెట్టుకోకూడదని మాత్రం ఎక్కువమందికి తెలియదు. మా దగ్గరికి వచ్చేసరికి ఆయాసం, బీపీ పడిపోతోంది, ప్లేట్‌లెట్లు తక్కువ, లివర్ ఎంజైములు ఎక్కువ. ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. అన్నిటికంటే ఖరీదైన మెరోపెనెమ్ మొదలుపెట్టాం. కేస్ షీట్లో నా చేత్తోనే 'ఎస్చార్ లేదు' అని రాశాను.

పొద్దున ఒళ్లు తుడుస్తున్న ఆయమ్మ పిలిచింది. "మేడమ్మా, ఇక్కడ చురక పెట్టినట్టుంది, చూడండి." లంగా బొందు కట్టుకునే చోట, మడత లోపల, కందిగింజంత నల్ల పక్కు. రాత్రి నేను అక్కడిదాకా చూడనే లేదు. చూడకుండానే లేదని రాశాను.

డాక్సీసైక్లిన్ అప్పుడు మొదలుపెట్టాం. నిజానికి నడివానల్లో ఇలాంటి జ్వరం వస్తే పక్కు కనిపించినా కనిపించకపోయినా రాత్రే మొదలుపెట్టి ఉండాల్సింది. ఈ క్రిమి మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది. మెరోపెనెమ్ జాతి మందులకి అది లొంగదు, ఎంత ఖరీదైనవైనా సరే. చవకరకం మాత్రకి లొంగుతుంది. రెండు రోజులకి జ్వరం దిగింది, ఆరో రోజు ట్యూబు తీశాం. ఆయమ్మకి నేను చీర పెట్టాను, ఆమె నవ్వి "ఇంతదానికా" అంది.

ఆ మాత్ర వెనక మన తెలుగువాడు ఉన్నాడని చాలామంది డాక్టర్లకి కూడా తెలియదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడే, అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ని కనిపెట్టారు. అది 1948లో బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది, డాక్సీసైక్లిన్ దాని తర్వాతి తరం. బోదకాలుకి ఇప్పటికీ వాడే డైఇథైల్‌కార్బమజైన్ కూడా ఆయన బృందం నుంచి వచ్చిందే. ఆరియోమైసిన్ వచ్చిన ఏడాదే ఆయన పోయారు.

ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి

బౌండు నోటుబుక్కు ఒకటి కొనండి. కాగితాలు ఊడిరాకూడదు, చింపితే తెలిసిపోవాలి. కంప్యూటర్లో ఎక్కించడం తర్వాతి పని. దానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

పేషెంటు వచ్చిన 24 గంటల లోపల రాసేయాలి. ఇది నియమం కోసం పెట్టిన నియమం కాదు. మనిషి పోయాక రాస్తే, వచ్చినప్పుడే చాలా సీరియస్‌గా ఉందని గుర్తొస్తుంది. బతికి ఇంటికి పోయాక రాస్తే, మొదటినుంచీ బాగానే ఉన్నట్టు గుర్తొస్తుంది. జ్ఞాపకం ఫలితం వైపు వంగుతుంది. ఫలితం తెలియకముందే రాసిన వరుసకే విలువ.

జ్వరం ఎన్నో రోజు, మా దగ్గరికి రాకముందు ఏ మందులు పడ్డాయి, ఏ గంటకి మొదటి యాంటీబయాటిక్ ఇచ్చాం. ఇవి ఎవరైనా రాస్తారు. మన జిల్లాలకి ఇంకొన్ని కావాలి. ఏం పని చేస్తారు అని ఊరికే అడిగితే 'వ్యవసాయం' అంటారు, అది జవాబు కాదు. నాట్లకి దిగారా, గడ్డి కోతకి పోయారా, మేకలు మేపుతారా, రొయ్యల గుంట దగ్గర కాపలానా, పొగాకు బ్యారెన్ దగ్గర పనా? నాట్లలో కాలి పగుళ్లతో నీళ్లలో నిలబడినవాళ్లకి ఎలుక జ్వరం అనుమానించాలి. గడ్డీ పొదలూ అంటే స్క్రబ్. షుగరు ఉండి, మట్టీ నీళ్లలో పనిచేసి, ఊపిరితిత్తుల్లోనో లివర్లోనో చీము పట్టి వస్తే మెలియాయిడోసిస్ మర్చిపోవద్దు, అది మట్టిలో బతికే క్రిమి వల్ల వచ్చే జబ్బు. ల్యాబువాళ్లు ఆ క్రిమిని సూడోమోనాస్ అనే ఇంకో క్రిమి అనుకుని రిపోర్టు పంపేయడం కొత్తేమీ కాదు, కొన్నిసార్లు టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగిస్తారు. మైక్రోబయాలజిస్టుకి ఫోన్ చేసి "షుగర్ పేషెంటు, వరి రైతు" అని ఆ రెండు మాటలు చెప్తే చాలు, ఆమె ప్లేటుని ఇంకో కన్నుతో చూస్తుంది. పరిశోధనలో సగం ఇలాంటి ఫోన్లే.

బ్లడ్ కల్చర్ కూడా మూడు గడుల వ్యవహారమే. బయట నాలుగు రోజులు యాంటీబయాటిక్ పడ్డాక తీసిన రక్తంలో ఏమీ పెరగకపోతే అది 'క్రిమి లేదు' కాదు. మందు పడకముందు రెండు సెట్లు తీయగలిగారా, సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు పోశారా, అదీ పక్కనే రాయాలి. సిరంజిలో రెండు మిల్లీలీటర్లు తీసి రెండు సీసాలకి పంచిన కల్చర్లు నేను చూశాను, తీశాను కూడా.

ఇంకొకటి. నా కోటు జేబులో టైలర్ టేపు ఉంటుంది. కొత్తవాళ్లు నవ్వుతారు. వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఎంత గాలి తోయాలో మనిషి బరువుని బట్టి కాదు, పొడుగుని బట్టి లెక్కేస్తాం. ఊపిరితిత్తులు లావెక్కవు కదా. 2000లో వచ్చిన ఆర్డ్స్‌నెట్ ట్రయల్లో, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని వెంటిలేటర్ మీదున్న 861 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి కిలోకి 12 మిల్లీలీటర్లు, ఇంకో గుంపుకి 6 మిల్లీలీటర్లు ఇచ్చారు. ఎక్కువ గాలి పెట్టినవాళ్లలో సుమారు 40 శాతం మంది చనిపోతే, తక్కువ పెట్టినవాళ్లలో 31 శాతం. ఆ కిలో, పొడుగు నుంచి లెక్కగట్టిన కిలో. 150 సెంటీమీటర్లున్న ఆడమనిషి 70 కిలోలు ఉందనుకోండి. బరువు చూసి పెడితే 420 మిల్లీలీటర్లు, పొడుగు చూసి పెడితే 260. అంత తేడా. అయినా కేస్ షీట్లలో పొడుగు గడి ఖాళీగానే ఉంటుంది, పడుకున్న మనిషిని ఎవరు కొలుస్తారని. కొలవండి. తల నుంచి మడమ దాకా, నర్సు ఒక కొస పట్టుకుంటే అర నిమిషం.

పేరు, ఊరు, ఫోన్ నంబరు ఈ నోటుబుక్కులో ఉండకూడదు. దీన్లో నంబరు మాత్రమే. ఏ నంబరు ఎవరిదో ఇంకో పుస్తకంలో రాసి బీరువాలో పెట్టి తాళం వేయాలి. వాట్సాప్‌లో పేషెంటు ఫొటో, రిపోర్టు పేరుతో సహా పంపించే అలవాటు ఉంటే పరిశోధన సంగతి తర్వాత, ముందు అది మానేయండి.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది

పడక దగ్గర. ఇద్దరు సీనియర్లు ఒకే పేషెంటుకి రెండు రకాలుగా చెప్పి, ఇద్దరూ గట్టిగా నమ్మి, ఇద్దరి దగ్గరా రుజువు లేకపోతే అక్కడ ప్రశ్న ఉన్నట్టు.

స్క్రబ్ టైఫస్ తీవ్రమైతే డాక్సీనా, అజిత్రోమైసినా అని మా తరం ఏళ్ల తరబడి వాదించుకుంది. రెండూ పాత మందులే, రెండూ చవకే. వెల్లూరు సీఎంసీ వాళ్లు ముందుండి దేశంలో వేరే ఆస్పత్రుల్ని కలుపుకుని, డాక్సీ, అజిత్రో, రెండూ కలిపి అని మూడు గుంపులు చేసి నడిపించారు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. లెక్కలోకి తీసుకున్నది 794 మందిని. చావు, ఏడో రోజుకీ తగ్గని కాంప్లికేషన్లు, ఐదో రోజుకీ దిగని జ్వరం, ఈ మూడిట్లో ఏది జరిగినా లెక్క. రెండు మందులు కలిపినవాళ్లలో అది 33 శాతం, డాక్సీ ఒక్కదాంట్లో 47, అజిత్రో ఒక్కదాంట్లో 48. ఇక్కడ ఆగి చూడండి. తేడా వచ్చింది ప్రధానంగా కాంప్లికేషన్లలో, చావుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైనున్న సారాంశం మాత్రమే చదివి "రెండు కలిపితే ప్రాణాలు నిలుస్తాయట" అనేవాళ్లు కాన్ఫరెన్సుల్లో కనిపిస్తారు. మీరు లోపలి పట్టిక చదివే రకం అవ్వాలి.

వేరే దేశంలో రుజువైంది కాబట్టి మన దగ్గరా అంతే అనుకోవడం ఇంకో జబ్బు. 2001లో అమెరికాలో ఒక ఆస్పత్రి, సెప్సిస్ పేషెంట్లకి, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతింటున్నవాళ్లకి, మొదటి ఆరు గంటల్లో పద్ధతి ప్రకారం సెలైన్, బీపీ మందులు, రక్తం ఇస్తే చావులు బాగా తగ్గాయని చూపించింది. లోకమంతా అదే పాట. 2014, 2015లో మూడు పెద్ద ట్రయల్స్ వచ్చి, మామూలుగా జాగ్రత్తగా చూసుకున్నదానికంటే ఆ పద్ధతితో లాభమేమీ లేదన్నాయి. ఆఫ్రికాలో అయితే పూర్తిగా ఎదురు తిరిగింది. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్రమైన జ్వరంతో వచ్చిన 3,141 మంది పిల్లల మీద చేసిన ఫీస్ట్ ట్రయల్లో, గబగబా సెలైన్ ఎక్కించిన పిల్లలే ఎక్కువమంది పోయారు. 2017లో జాంబియా నుంచి వచ్చిన ట్రయల్లోనూ అంతే: పద్ధతి ప్రకారం చేసిన గుంపులో 48 శాతం చావులు, మామూలు వైద్యం గుంపులో 33. వెంటిలేటర్లు తక్కువ, రక్తహీనత ఎక్కువ, వచ్చే క్రిములు వేరు. మరి రొయ్యల గుంట దగ్గర నుంచి మూడు రోజులు ఆలస్యంగా, కిడ్నీలు దెబ్బతిని వచ్చే మనిషికి ఎన్ని సీసాలు? ఆ మనిషి ఏ ట్రయల్లోనూ లేడు. మీ నోటుబుక్కులో ఉన్నాడు.

కోవిడ్ నేర్పింది కూడా చెప్పుకోవాలి. 2021 మే నెలలో కృష్ణపట్నం మందు కోసం వేలమంది బారులు తీరినప్పుడు మా ఐసీయూలో పడకలు లేవు. అప్పుడు ఊళ్లోవాళ్లని వెక్కిరించిన డాక్టర్లని నేను చూశాను. కానీ మేమేం తక్కువ తిన్నాం? రుజువు లేకుండానే, కోవిడ్ తగ్గినవాళ్ల రక్తంలోంచి తీసే ప్లాస్మా కోసం చుట్టాల్ని పరుగులు పెట్టించాం. దేశంలో వైద్య పరిశోధన చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ వాళ్లు 39 ఆస్పత్రుల్లో 464 మంది మీద ప్లాస్మాని పరీక్షించి, జబ్బు ముదరడమూ చావులూ తగ్గలేదని 2020లోనే అచ్చేశారు. అయినా తర్వాతి వేవ్‌లో కూడా రాశాం. ఇంకోపక్క, బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ వాళ్లు చిన్న ఫారం పెట్టి, వేలమందిని చేర్చుకుని, డెక్సామెథాసోన్ అనే పాత మందు రోజుకి 6 మిల్లీగ్రాములు ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్లలో చావులు 41 శాతం నుంచి 29కి తగ్గుతాయని నెలల్లో తేల్చారు. ఆ ట్రయల్లో నాకు నచ్చింది ఫలితం కాదు, ఫారం. పేజీల కొద్దీ గడులు పెడితే డ్యూటీ నర్సు నింపదు. నింపినా ఊహించి నింపుతుంది.

'ప్రయోగం' అనకండి

ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు, పని తర్వాత. నా మొదటి పేపరు తిరిగొచ్చింది దీనిమీదే. పని చేసి, ఆనక అనుమతి కోసం పోయాను, ఇవ్వలేమన్నారు, వాళ్లదే న్యాయం. మందుల పోలిక, అంటే ట్రయల్ అయితే సీటీఆర్‌ఐలో, అంటే దేశంలో ట్రయల్స్ అన్నీ నమోదు చేసే రిజిస్ట్రీలో, కూడా రిజిస్టర్ చేయాలి, అదీ మొదటి పేషెంటుని చేర్చుకోకముందే. ఐసీఎంఆర్ 2017 ఎథిక్స్ మార్గదర్శకాలు ఒకసారి పూర్తిగా చదవండి. విసుగ్గానే ఉంటాయి.

వాటిల్లో లేనిది ఐసీయూ తలుపు బయట నేర్చుకోవాలి. లోపల తల్లి ట్యూబుతో ఉంది. సంతకం చేయాల్సింది ఆమె కాదు, బయట చెప్పులు లేకుండా నిలబడ్డ కొడుకు. మొదటిసారి నేను ఆ కుర్రాడికి తెలుగు ఫారం ఇచ్చి "ఇది ఒక పరిశోధన, ప్రయోగంలో భాగంగా..." అని మొదలుపెట్టాను. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "మా అమ్మ మీద ప్రయోగాలు చేస్తారా మేడం?" ఫారాన్ని ఇంగ్లిషులోంచి తెలుగు చేసినవాళ్లు ఆ మాట ఐసీయూ బయట ఎట్టా వినపడుతుందో ఆలోచించలేదు. 'అధ్యయనం' అంటే అర్థం కాదు, 'ప్రయోగం' అంటే భయం.

ఇప్పుడు నేను ఇలా చెప్తాను. "నాయనా, మీ అమ్మకి ఇవ్వాల్సిన వైద్యం ఎట్టాగూ ఇస్తున్నాం. ఈ జ్వరం ఎవరికి ఎట్టా వస్తుందో, ఎట్టా తగ్గుతుందో లెక్క రాసుకుంటున్నాం. మీ అమ్మ లెక్క కూడా రాసుకోవచ్చా? రక్తం ఒక చెంచా అదనంగా తీస్తాం. దీనివల్ల మీ అమ్మకి ఇప్పుడు లాభం ఉంటుందని చెప్పలేను. వద్దంటే వద్దు, వైద్యంలో వెంట్రుకవాసి తేడా రాదు." తర్వాత వాళ్లని అడుగుతాను: నేను చెప్పింది మీ ఇంట్లోవాళ్లకి ఎట్టా చెప్తావు? వాళ్లు "రక్తం తీస్తే బిల్లు తగ్గుద్దంట" అన్నారంటే నేను సరిగా చెప్పలేదన్నమాట, మళ్లీ మొదటినుంచి. చదువు రానివాళ్లయితే మన సిబ్బంది కాని సాక్షి ఒకరు పక్కన ఉండాలి, వేలిముద్ర పక్కన ఆ సాక్షి సంతకం. బిల్లు కౌంటర్ నుంచి వచ్చిన ఐదు నిమిషాల్లో అడగొద్దు, అప్పుడు దేనికైనా తలూపుతారు. పేషెంటుకి తెలివొచ్చాక ఆమెని మళ్లీ అడగాలి. ఒకాయన తెలివొచ్చాక "నా రక్తం నాకు ఇచ్చేయండి" అన్నాడు. శాంపిల్ పారబోసి, ఆయన వరుస కొట్టేశాం.

చదువులు, పరీక్షలు

త్వరగా చెప్తాను, ఇవన్నీ నోటిఫికేషన్లలో ఉండేవే, ఏటా మారేవే. ఎంబీబీఎస్‌లో ఉండగానే ఐసీఎంఆర్ వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కి పెట్టండి. రెండు నెలల చిన్న ప్రాజెక్టు. దొరక్కపోయినా ప్రపోజల్ రాయడం వస్తుంది. ఎండీకి జనరల్ మెడిసిన్, అనస్తీషియా, రెస్పిరేటరీ, ఎమర్జెన్సీ, ఇవన్నీ క్రిటికల్ కేర్‌కి దారులే. తర్వాత డీఎం క్రిటికల్ కేర్, లేదా క్రిటికల్ కేర్ డాక్టర్ల సంఘం ఐఎస్‌సీసీఎం వాళ్ల డిప్లొమా. డీఎం ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ సీట్లు తక్కువ. ఢిల్లీ ఎయిమ్స్, వెల్లూరు సీఎంసీ లాంటిచోట్ల ఉంటాయి. రెండిట్లో ఏది అంటే, నా సలహా: మీకు అర్ధరాత్రి చేతులతో పని కావాలంటే క్రిటికల్ కేర్, రిపోర్టు ముందు గంటసేపు కూర్చోగలిగితే ఐడీ. ఒకటి చదివి రెండోదాని వాళ్లతో స్నేహం చేయండి.

పీజీలకి ఎలాగూ తప్పనిసరైన బయోమెడికల్ రీసెర్చ్ బేసిక్ కోర్సు చెన్నైలోని ఎన్‌ఐఈ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ, తయారుచేసింది. అందరూ వీడియోలు పరుగెత్తించి పరీక్ష రాసేస్తారు. నేనూ ముందు అదే చేశాను, తర్వాత శాంపిల్ సైజు దగ్గర ఇరుక్కుని, మళ్లీ కూర్చుని విన్నాను. బాగుంది. ఎపిడెమియాలజీ, అంటే జబ్బులు జనంలో ఎలా పాకుతాయో చెప్పే శాస్త్రం, లోతుగా కావాలంటే అదే ఎన్‌ఐఈ, మనకి పినాకినీ రైలెక్కితే చెన్నై. పెద్ద ఫెలోషిప్పులు కావాల్సినవాళ్లు హైదరాబాదులో ఉన్న, పరిశోధనకి నిధులిచ్చే ఇండియా అలయన్స్ వైపు చూడండి, కానీ చేతిలో కొన్నేళ్ల నోటుబుక్కు లేకుండా పోవద్దు.

డాక్టర్లే కానక్కర్లేదు. నర్సులు, ఫార్మ్‌డీ చేసినవాళ్లు, మైక్రోబయాలజీ ఎమ్మెస్సీవాళ్లు రీసెర్చ్ కోఆర్డినేటర్లుగా వస్తున్నారు. నేను చూసిన మంచి ట్రయల్ సెంటర్లన్నీ ఒక మొండి కోఆర్డినేటర్ మీద నడిచేవే.

పేపరు రాశాక "గౌరవనీయులైన డాక్టర్ గారికి, మీ అద్భుతమైన వ్యాసం కోసం ఎదురుచూస్తున్నాం" అని మెయిళ్లు వస్తాయి. వారంలో అచ్చేస్తామంటారు, డబ్బు కట్టమంటారు. ఆ జర్నల్ నిజంగా మెడ్‌లైన్‌లో, అంటే ఎంపిక చేసిన వైద్య జర్నళ్ల సూచికలో, ఉందో లేదో చూసుకోండి. ప్రమోషన్ కోసం తొందరపడి నా స్నేహితురాలు ఒకామె అలా కట్టింది, ఇప్పుడు ఆ పేపరు బయోడేటాలోంచి తీసేసుకుంది. ఐఎస్‌సీసీఎం వాళ్ల ఇండియన్ జర్నల్ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ ఉంది, 1913 నుంచి నడుస్తున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ ఉంది. తిప్పి పంపినా రివ్యూలో నాలుగు పనికొచ్చే మాటలు ఉంటాయి.

ఇంటికి పోయాక ఏమైంది

మన ఐసీయూల్లో అన్నిటికంటే పెద్ద 'చూడలేదు' ఇదే. డబ్బులు అయిపోయి తీసుకుపోతారు. ఇక లాభం లేదని, ఊపిరి ఇంటి దగ్గరే పోవాలని తీసుకుపోతారు. చెన్నైకో వెల్లూరుకో తిరుపతికో తీసుకుపోతారు. కేస్ షీట్లో మాత్రం అందరికీ ఒకటే రాస్తారు: సొంత ఇష్టం మీద వెళ్లారు. వీళ్లని బతికినవాళ్ల కింద వేస్తే మా ఐసీయూ లోకంలోకెల్లా గొప్పదైపోతుంది. వదిలేసినా అంతే, ఎందుకంటే ఎక్కువ జబ్బుతో ఉన్నవాళ్లే అలా పోయేది.

అందుకే 28వ రోజు ఒక ఫోన్, 90వ రోజు ఒక ఫోన్. చేరేటప్పుడే రెండు నంబర్లు తీసుకోండి, ఒకటి ఊళ్లో ఉండే మనిషిది. కొడుకు నంబరు రీఛార్జి అయిపోయి ఉంటుంది, పక్కింటి కిరాణా కొట్టు నంబరు ఎప్పుడూ పనిచేస్తుంది. పొద్దున పదింటికి చేయొద్దు, పనిలో ఉంటారు. రాత్రి ఏడున్నర మంచిది. హాస్పిటల్ నుంచి అనగానే బిల్లు బాకీ అనుకుని పెట్టేస్తారు, కాబట్టి మొదటి మాటే "డబ్బుల కోసం కాదు నాయనా" అని ఉండాలి. పోయారని తెలిస్తే వెంటనే తేదీ అడగొద్దు. వాళ్లు చెప్పేదాకా ఆగండి, చెప్తారు. ఎత్తకపోతే మూడు వేర్వేరు రోజులు చేసి, అప్పుడు 'తెలియలేదు' అని రాయండి.

ఆ రాపూరు ఆమెకి 90వ రోజు నేనే చేశాను. ఆ రోజు పండగ ముందు రోజు, వేళ తప్పి సాయంత్రం నాలుగింటికి చేశాను. కొడుకు ఎత్తాడు.

"అమ్మ ఎట్టుంది నాయనా?"

"అమ్మ లేదు మేడం."

పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏమనాలో తోచక ఊరుకున్నాను. అటువైపు బర్రె అరుస్తోంది.

"గడ్డికి పోయింది మేడం. మోయొద్దంటే వినదు, ఊరకే కూర్చోలేనంటుంది. రాంగానే చేయించేదా?"

పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని పొమ్మను, గడ్డి మీద కూర్చోవద్దను, ఇంటికి రాంగానే ఒళ్లు రుద్దుకుని నీళ్లు పోసుకోమను, ఆ బట్టలు విడిచి వేణ్ణీళ్లలో నానెయ్యమను అని చెప్పి, ఫోన్ పెట్టేసి, 90వ రోజు గడిలో 'ఉంది' అని రాశాను.